14 అంగుళాల చేప పులుసుకే

పోయిన వేసవిలో చేపల పులుసు ఫొటో ఒకటి మా డాలస్ మిత్రుల వాట్సాప్ గ్రూపులో పెట్టాను. సాయంత్రానికల్లా హంతకుణ్ణయిపోయాను. "బాస్‌ని తినేశారా? పట్టి వదిలెయ్యాలి కదండీ!" అన్నవాళ్లలో ఆదివారం కోడికూర లేనిదే ముద్ద దిగనివాళ్లే ఎక్కువ.

ఆ బాస్ చేప లేక్ ఫోర్క్‌ది. డాలస్‌కి తూర్పున, కారులో గంటన్నర దూరంలో ఉన్న రిజర్వాయరు. 1980లో నీళ్లు నింపడం మొదలుపెట్టినప్పుడు చెట్లను చాలావరకు కొట్టకుండా వదిలేశారు. ఆ మోళ్లు ఇప్పటికీ నీళ్లలో నిలబడే ఉన్నాయి. వాటి నీడల్లోనే బాస్ కాపురం.

జూన్‌లో తెల్లవారుజామున నేను వేసేది నీటిమీద తేలే ఎర. చుట్ట ఆకారంలో ఉండే ప్లాస్టిక్ ముక్క. గాలం కర్ర కొనను చిన్నగా కుదిపి, వెంటనే దారం వదులు చెయ్యాలి. అలా కుదుపుతూ పోతే అది ఎడమకీ కుడికీ తల తిప్పుకుంటూ నడిచొస్తుంది. దెబ్బతిన్న చేపపిల్ల అనుకుని కింద నుంచి బాస్ లేస్తుంది. నీళ్లు భళ్లుమన్న చప్పుడికి ఉలిక్కిపడి లాగామా, అంతే! ఎర ఎగిరొచ్చి మన మొహం మీదే పడుతుంది. దారం బరువెక్కేదాకా ఆగాలి. పన్నెండేళ్లుగా వేస్తున్నా నా చేతికి ఇంకా బుద్ధి రాలేదు.

మా ఊరి చెరువులో మావయ్య కప్పను గాలానికి గుచ్చి, తామరాకుల మీద ఆడించి కొర్రమీనును లేపేవాడు. ఇక్కడ రబ్బరు కప్పలు అమ్ముతారు. ఆట అదే. కాకపోతే మావయ్య కొర్రమీను సాయంత్రానికి దాకలో ఉండేది.

పోయిన వేసవిలోనే అమ్మ వచ్చినప్పుడు లేక్ ఫోర్క్‌కి తీసుకెళ్లి పడవెక్కించాను. 14 అంగుళాల బాస్ పడింది. గాలం తీసి నీళ్లలోకి వదలబోతుంటే, "తినవా? మరి దాన్నెందుకురా అంత ఏడిపించావు?" అంది. ప్రకృతి, పరిరక్షణ అంటూ ఏదో చెప్పబోయి మధ్యలో ఆగిపోయాను. ఎందుకంటే ఈ చెరువు నియమమే అమ్మ పక్షాన ఉంది.

లేక్ ఫోర్క్‌లో 16 అంగుళాలకు పైన, 24 అంగుళాలకు లోపల ఉన్న బాస్‌ను ఇంటికి తేకూడదు. 16, అంతకు తక్కువున్నవి తెచ్చుకోవచ్చు. రోజుకు మొత్తం ఐదు, వాటిలో 24 అంగుళాలు, ఆపైన ఉన్నది ఒక్కటే. మధ్య సైజువి బతికి పెద్దవి కావాలన్నది ఉద్దేశం. ఉన్న మేతకు పిల్లచేపలన్నీ పోటీపడితే ఏదీ ఎదగదు కాబట్టి, చిన్నవాటిని కొన్ని మనం తినాలన్నది ఆ లెక్కలో రెండో సగం. అన్నీ వదిలేసి పుణ్యం మూటగట్టుకునేవాళ్లు ఆ సగాన్ని మరిచిపోయారు. పైగా పాదరసం పేరుకునేది ముసలి, పెద్ద చేపల్లోనే ఎక్కువ. ఏ రకంగా చూసినా పులుసుకు చిన్నదే మేలు.

పెద్దవాటి సంగతి వేరు. టెక్సాస్ రికార్డు బాస్, 18.18 పౌండ్లది, 1992 జనవరిలో ఇక్కడే పడింది. పట్టినాయన నిజానికి క్రాపీ అనే చిన్నరకం చేప కోసం చేపపిల్లను ఎరగా వేశాడు. నా ఖరీదైన ఎరలన్నీ పెట్టెలోంచి ఈ మాట వింటుంటాయి, పాపం. అలాంటి చేపను వదలాల్సిందే. కానీ వదలడమంటే మూడేసి కొక్కేల గాలాలతో మూతి చీల్చి, దవడ పట్టి వేలాడదీసి, నాలుగు కోణాల్లో ఫొటోలు దిగి, ఆనక నీళ్లలోకి విసరడం కాదు. నేను మూడు కొక్కేలు తీసేసి ఒంటి కొక్కెం కట్టుకున్నాను. దాని ముల్లు కూడా పటకారుతో నొక్కేశాను. కొన్ని చేపలు తప్పించుకుంటున్నాయి. పోనీ.

ఆ రోజు 14 అంగుళాలవి రెండు ఇంటికి తెచ్చాం. అమ్మ రాళ్ల ఉప్పుతో తోమి కడిగి, చింతపండు పులుసు పెట్టింది. తిని, కాసేపు ఆలోచించి, "ముళ్లు తక్కువే. రుచీ తక్కువే. రేపటికి మెంతిపొడి ఇంకాస్త వెయ్యాలి" అంది.