రాయి మనది.. బస్తాకు మన వాటా ఎంత?

ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లాలో గనులు అనగానే అందరికీ బెల్లంపల్లి బొగ్గు బాయిలే యాదికొస్తాయి. పెన్‌గంగ పక్కన చెలకల్లో నాగలికి తగిలే సున్నపురాయి ఎవరి ముచ్చట్లోనూ ఉండదు. వంద కోట్ల ఏళ్లకు ముందు అక్కడ లోతైన సముద్రం ఉండేది. దాని అడుగున పేరుకున్నదే ఈ రాయి. ఆ పొరల మధ్యనే నల్లటి మాంగనీసు కూడా దొరుకుతుంది. ఉక్కు కరిగించేటప్పుడు అందులోని ఆక్సిజన్‌ను, గంధకాన్ని విరిచేది ఈ ఖనిజమే. ప్రపంచంలో తవ్వే మాంగనీసులో తొంభై పాళ్ల వరకు ఉక్కు పరిశ్రమకే పోతుంది.

ఇంత సంపద మీద కూర్చున్న జిల్లాకు మిగిలిందేమిటి? ఒక్క సిమెంటు బస్తా లెక్క చూద్దాం.

యాభై కిలోల మామూలు సిమెంటు తయారీకి దాదాపు 75 కిలోల సున్నపురాయి కావాలి. 2014లో కేంద్రం ఖరారు చేసిన రాయల్టీ టన్నుకు 80 రూపాయలు. అంటే బస్తాకు ఆరు రూపాయలు! అది రాష్ట్ర ఖజానాకు పోతుంది. 2015 చట్ట సవరణతో వచ్చిన జిల్లా ఖనిజ నిధికి, పాత లీజులైతే, రాయల్టీలో 30 శాతం అదనంగా కట్టాలి. అది ఒక రూపాయి ఎనభై పైసలు. వేలంలో ఇచ్చిన కొత్త లీజులైతే 10 శాతమే, అంటే అరవై పైసలు. అదే బస్తాను మనం దుకాణంలో మూడు వందల చిల్లర పెట్టి కొంటున్నాం. దుమ్ము మాత్రం ఊరికి పూర్తిగా ఉచితం.

పోనీ, కొలువులైనా దక్కాయా? ఆదిలాబాద్ పక్కనే ఉన్న సిమెంట్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా ఫ్యాక్టరీ 1998లో ఆగిపోయింది. 2006లో మూసివేతకే మొగ్గు చూపారు. రాయి అయిపోయి మూతపడలేదు, రాయి అక్కడే ఉంది. 2022లో యంత్రాలను తుక్కు కింద అమ్మకానికి పెడితే జిల్లా భగ్గుమంది. భూములిచ్చిన రైతుల పిల్లలు ఇవాళ నడివయసుకొచ్చారు.

ఉమ్మడి రాష్ట్రంలో ‘మా పైసలు ఎటు పోయినయ్’ అని రోడ్డెక్కి అడిగాం. 2014 నుంచి ఖజానా మనదే. అడగడం మాత్రం మానేశాం! రాయల్టీ రేటు ఢిల్లీ చేతిలో ఉంది, నిజమే. మరి ఖనిజ నిధి? దాన్ని ఖర్చు పెట్టేది ఇక్కడే. షెడ్యూల్డ్ ప్రాంతంలోని గని బాధిత గ్రామాల్లో ఆ నిధితో ఏ పని చేపట్టినా గ్రామసభ ఆమోదం ఉండాలని నిబంధనలే చెబుతున్నాయి. ఎన్ని గూడేల్లో ఆ సభ జరిగింది? కాగితాల మీద వేలిముద్రలు ఎవరు వేయించుకున్నారు?

విద్యార్థులు, ఉద్యోగ మిత్రులు ఈ పని చేయవచ్చు. సమాచార హక్కు కింద మండలాల వారీగా మూడు లెక్కలు అడగండి: తవ్విన టన్నులు, జమైన నిధి, గ్రామసభ తీర్మానాల నకళ్లు. ఆ నకళ్లు పట్టుకొని ఆ ఊళ్లకే పోయి, పెద్దమనుషులను కూర్చోబెట్టి చదివి వినిపించండి.