సిగ్నల్ హ్యాండ్లర్ చదవకుండా రికార్డు మీద సంతకం పెట్టొద్దు

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల ఇంజనీరింగ్ కాలేజీల అధ్యాపకులకు, విద్యార్థులకు విజ్ఞప్తి

ఆపరేటింగ్ సిస్టమ్స్ ల్యాబ్‌లో విద్యార్థి కంట్రోల్-సి నొక్కుతాడు. ‘సిగ్నల్ అందింది’ అని తెర మీద పడుతుంది. అవుట్‌పుట్ వచ్చింది కాబట్టి రికార్డు మీద సంతకమూ పడుతుంది. ఆ వాక్యాన్ని ముద్రించింది హ్యాండ్లర్‌లోని ప్రింట్ఎఫ్. చిక్కంతా అక్కడే ఉంది.

సిగ్నల్ చెప్పి రాదు. ప్రోగ్రామ్ మెమరీ కేటాయించే మాలాక్ ఫంక్షన్‌లో ఉండి మెమరీ జాబితాలను సగం సవరించిన క్షణంలో కూడా రావచ్చు. హ్యాండ్లర్ మళ్లీ మాలాక్‌ను పిలిస్తే ఆ జాబితాలు చెడిపోతాయి, లేదా ప్రోగ్రామ్ ఎన్నటికీ తెరుచుకోని తాళం ముందు ఆగిపోతుంది. ప్రింట్ఎఫ్‌కూ తన బఫర్‌తో ఇదే బాధ. వందసార్లు బాగానే నడిచి, నూటొకటోసారి బిగుసుకుపోతుంది. ‘మళ్లీ రన్ చెయ్యి’ అంటారు. లోపం అలాగే ఉండిపోతుంది.

మామూలు ప్రోగ్రామ్‌లోనే ఇది ప్రమాదమైతే, ఆపరేటింగ్ సిస్టమ్‌ను పరీక్షించే ప్రోగ్రామ్‌లో మరీ ప్రమాదం. ఫెయిలైంది కెర్నలా, పరీక్షా అన్నది తేలదు. కంచే చేను మేసినట్టే.

ఇది పుస్తకాల భయం కాదు. ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్‌లో 2006లో సరిదిద్దిన ఇలాంటి లోపమే 2020 అక్టోబరులో చేసిన ఒక మార్పుతో తిరిగొచ్చింది. మామూలు అమరికలో 120 సెకన్లలోగా లాగిన్ కాకపోతే సిగ్‌అలార్మ్ హ్యాండ్లర్ నడుస్తుంది. అది సిస్‌లాగ్‌ను పిలిచేది, సిస్‌లాగ్ లోపల మాలాక్ ఉండేది. క్వాలిస్ సంస్థ 2024 జులై 1న దీన్ని బయటపెట్టింది. జీలిబ్‌సి వాడే లినక్స్ యంత్రాల్లో, పాస్‌వర్డ్ తెలియని దాడికారుడికి ఏకంగా రూట్ అధికారం దక్కే దారి అది. అంత పేరున్న కోడ్‌లో, అంతమంది చూసే కోడ్‌లో, మూడేళ్లకు పైగా దాగింది.

సరిగ్గా రాసే పద్ధతి కళ్లెదుటే ఉంది. కెర్నల్‌ను పరీక్షించే లినక్స్ టెస్ట్ ప్రాజెక్ట్ కోడ్‌లో గడువు దాటిన పరీక్షను చంపే హ్యాండ్లర్ ఉంది. అది సందేశాన్ని ప్రింట్ఎఫ్‌తో కాకుండా నేరుగా రైట్ సిస్టమ్ కాల్‌తో పంపుతుంది. మన ల్యాబ్‌లలో ఆ ఫైలు తెరిచి గంటసేపు చదివిస్తే చాలు, పిల్లలకు అసలు పని అర్థమవుతుంది.

విజయనగరంలోని జేఎన్‌టీయూ గురజాడ విశ్వవిద్యాలయం ల్యాబ్ మాన్యువల్‌లో హ్యాండ్లర్ తనిఖీకి ఒక పేజీ కేటాయించాలి. ఎచ్చెర్ల ట్రిపుల్ ఐటీ కూడా ఈ పని చేపట్టాలి. ఆ పేజీలో ఉండాల్సిన ప్రశ్నలివి. హ్యాండ్లర్‌లో పిలిచిన ప్రతి ఫంక్షన్, అక్కడ పిలవదగిన సురక్షిత ఫంక్షన్ల జాబితాలో ఉందా? జెండాగా వాడే చలరాశి వోలటైల్ సిగ్-అటామిక్-టీ రకమేనా? ఎర్నో విలువను దాచి, తిరిగి పెట్టారా? జెండా చూడడానికీ, పాజ్ పిలవడానికీ మధ్య సిగ్నల్ వస్తే ఏమవుతుంది? ఈ చివరిదాన్ని వైవాలో తప్పక అడగాలి. అక్కడ సిగ్‌సస్పెండ్ ఎందుకు కావాలో చెప్పగలిగినవాడికి విషయం వచ్చినట్టే.

దీనికి కొత్త కంప్యూటర్లు అక్కర్లేదు, ఇంటర్నెట్టూ అక్కర్లేదు. మాన్యువల్ పేజీలున్న లినక్స్ యంత్రంలో ‘మ్యాన్ 7 సిగ్నల్-సేఫ్టీ’ అని కొడితే సురక్షిత ఫంక్షన్ల జాబితా మొత్తం వస్తుంది. వచ్చే సెమిస్టర్ మొదటి ల్యాబ్‌కే దాన్ని ప్రింటు తీసి ప్రతి బల్ల మీదా పెట్టండి. పక్కపక్క విద్యార్థులు ఒకరి హ్యాండ్లర్‌ను మరొకరు తనిఖీ చేసి పేరు రాశాకే రికార్డు అధ్యాపకుడి చేతికి వెళ్లాలి.