తప్పు పాలారుదా, మన తొట్టిదా?

చలిజ్వరము వచ్చినంతనే వానను, పాలారును, కౌండిన్యను నిందించుట మన వేలూరు, గుడియాత్తపు తెలుగు కుటుంబములలో పరిపాటియైనది. ఈ వాదము నిలువదు. పాలారు ఏడాదిలో అధికభాగము ఇసుకయే గదా! 2021 నవంబరులో వలె పొంగి పారునప్పుడు దోమపిల్లలు కొట్టుకొనిపోవును. వరద తీసిన పిదప ఇసుకగుంటలలో నిలిచిన నీటి సంగతి వేరు. దానిని పురపాలకులు చూడవలెను, వారిని అడుగుటకు మొగమాటము వలదు.

అయితే పట్టణములలో మలేరియాను వ్యాపింపజేయు స్టీఫెన్సీ జాతి అనాఫిలిస్ దోమకు ఏటితో పనిలేదు. మూతలేని మేడమీది తొట్టి, వాడుక మానిన బావి చాలును. కొళాయినీరు దినదినము రాదని తొట్లు నింపి యుంచుకొందుము. కరవుయేట సైతము దోమకు కరవు లేకపోవుట ఇందువలననే. మండువేసవి పొడిగాలి దోమ ఆయువును తగ్గించును. వానలు పడి తేమ హెచ్చినచో, రోగక్రిమి తన కడుపున పెరిగి ముదురువరకు, అనగా సుమారు 10 దినములు, అది బ్రదికియుండగలదు. 1897లో సికిందరాబాదున రొనాల్డ్ రాస్ దోమకడుపున కనుగొన్నది ఆ క్రిమినే.

తమిళనాట ఈ రోగము మునుపటికంటె మిక్కిలి తగ్గినదందురు. నిజమే. కాని సరకులకై ఊరూరు తిరుగు వర్తకులము మనము. క్రిమిని మనమే మోసికొని రాగలము. ఇంట తొట్టి సిద్ధముగా నుండనే యున్నది! గ్రుడ్డు దోమయగుటకు సాధారణముగా వారము దాటును. కావున శుక్రవారము గడప కడుగునప్పుడే తొట్టియు కడిగి ఆరబెట్టవలెను. పాడుబావికి వల బిగింపవలెను. పెండ్లిపందిళ్లకు వేలకువేలు వెచ్చించు మనకు ఒక్క రేకుమూత బరువైనదా?