ఆపరేషన్ తేదీ ఖరారైందా? ముందు పెరట్లో హౌజు ఖాళీ చేయించండి

ఆపరేషన్‌కు ముందు ‘ఫిట్‌నెస్’ కోసం మా ఓపీకి వచ్చేవారు సాధారణంగా రెండు ప్రశ్నలు అడుగుతారు. ఏం తినాలి, ఏ మాత్రలు ఆపాలి అని. ఆ మధ్య మే నెల మొదటి వారంలో పాలకీడు వైపు నుంచి వచ్చిన ఒక రిటైర్డ్ టీచర్ మాత్రం ఇంకోటి అడిగారు. ‘ఆపరేషన్ జూన్ పదిహేను తర్వాత పెట్టించుకుంటే ఏమన్నా అయితదా సార్?’

ఆయనకు గజ్జల్లో హెర్నియా. ఉబ్బు పెరుగుతోంది, నడిస్తే నొప్పి. సర్జన్ మే చివరి వారానికి తేదీ ఇచ్చారు. వాయిదా ఎందుకని అడిగితే చెప్పారు. పెరట్లో బోరు పక్కన నాలుగడుగుల లోతు హౌజు కట్టించి, లోపల నీలం టైల్స్ వేయించారట. హైదరాబాద్ నుంచి మనవలు వేసవి సెలవులకు వచ్చేది అందులో ఈదడానికే. ‘ఇప్పుడే ఖాళీ చేస్తే పిల్లలు వస్తరా సార్?’ అన్నారు. పక్కనే ఉన్న ఆయన భార్య మాట కలిపారు. ‘దాన్ని కడిగేది, నింపేది, మందు కలిపేది, పిల్లలు దిగితే గట్టు మీద కూసునేది అంతా ఈయనే. ఈయన మంచంల ఉంటే ఎవరు చూస్తరు?’

ఈ వారం మీతో పంచుకోవాలనుకున్నది ఆ అమ్మ అడిగిన ప్రశ్ననే. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ చుట్టుపక్కల ఇప్పుడు చాలా ఇళ్లలో, పొలాల దగ్గర ఇలాంటి హౌజులు, చిన్న స్విమ్మింగ్ పూల్స్ కడుతున్నారు. అవి ఉండటంలో తప్పు లేదు. కానీ నీళ్లను రోజూ చూసుకునే మనిషి ఒక్కరే అయినప్పుడు, ఆ మనిషికి ఆపరేషన్ అయితే, ఆ నీళ్లు దిక్కులేనివి అవుతాయి.

దిక్కులేని నీళ్లతో మొదటి ప్రమాదం పిల్లలకు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2021లో ప్రపంచవ్యాప్తంగా దాదాపు 3 లక్షల మంది నీట మునిగి చనిపోయారు. వారిలో సుమారు నాలుగో వంతు ఐదేళ్లలోపు పిల్లలే. ఇంట్లో ఆపరేషన్ హడావిడి ఉన్న రోజుల్లో పెద్దలందరి చూపూ ఆస్పత్రి వైపే ఉంటుంది. మునిగే పిల్లలు చాలాసార్లు అరవరు, చప్పుడు చేయరు. ఒక్క నిమిషం ఏమరపాటు చాలు.

రెండోది దోమలు. క్లోరిన్ కలపడం ఆగిన మంచినీళ్లలో డెంగీ దోమ గుడ్లు పెడితే ఏడు నుంచి పది రోజుల్లో దోమలు బయటికి వస్తాయి. పొట్టలో కుట్లతో పడుకున్న మనిషికి డెంగీ కూడా తోడైతే ఆ ఇంటి పరిస్థితి ఊహించండి. ఆ గుడ్లు గోడలకు అంటుకుని, నీళ్లు లేకపోయినా నెలల తరబడి బతుకుతాయి. అందుకే నీళ్లు వదిలేస్తే సరిపోదు, గోడలు బ్రష్‌తో రుద్ది కడగాలి.

మూడో ప్రమాదం ఆపరేషన్ చేయించుకునే మనిషికే. ‘ఆస్పత్రిలో చేరేలోపు అన్నీ చక్కబెడతా’ అని ముందు రోజు దాకా బకెట్లు మోస్తారు, పాచి గీకుతారు. బరువు ఎత్తితే హెర్నియా ఇంకా ముదురుతుంది. కాలు జారినా, చేతికో కాలికో గీరుకుపోయి చీము పట్టినా సర్జన్ ఆపరేషన్ వాయిదా వేయొచ్చు. ముఖ్యంగా మోకీలు మార్పిడి ఆపరేషన్లకు ముందు చర్మం మీద చిన్న పుండును కూడా తేలిగ్గా తీసుకోరు. 

అందుకే నా సలహా ఇది. తేదీకి కనీసం రెండు వారాల ముందే హౌజు మూసేయండి. ఆ పని పేషెంటు కాకుండా ఇంకెవరైనా చేయాలి.

చిన్న సిమెంటు హౌజు అయితే నీళ్లన్నీ వదిలేయండి. క్లోరిన్ వేసిన నీళ్లయితే మందు కలపడం ఆపి నాలుగైదు రోజులు ఎండకు వదిలి, ఆ తర్వాత చెట్లకు పారించండి. ఆ నాలుగైదు రోజులూ పిల్లలు అటు వెళ్లకుండా చూడండి. గోడలు కడిగాక అడుగున ఉన్న బిరడా తీసే ఉంచండి. లేదంటే తొలకరి వాన దాన్ని మళ్లీ నింపుతుంది. బ్లీచింగ్ పౌడర్‌ను, బాత్‌రూంలో వాడే యాసిడ్‌ను ఎప్పుడూ కలపకండి. అందులోంచి వచ్చే క్లోరిన్ గ్యాస్ ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది. ఖాళీ హౌజులో పడితే తలకు దెబ్బ తగులుతుంది కాబట్టి పైన గట్టి జాలీ వేయించండి, లేదా చుట్టూ అడ్డం కట్టించండి. భూమిలోకి తవ్వి కట్టిన పెద్ద పూల్‌ను మాత్రం కట్టినవాళ్లను అడగకుండా ఖాళీ చేయొద్దు. కింద నీటి ఊట ఎక్కువగా ఉంటే అది పగలొచ్చు. అలాంటిదానికి తాళం వేసే కంచె ఉండాలి. నీటి మందు బాధ్యతను ఒకరికి పేరు పెట్టి అప్పగించాలి.

అలా మిగిలిన రెండు వారాలను పేషెంటు తన ఒంటికి కేటాయించాలి. మా టీచర్ గారికి ఆ రోజు షుగర్ 260 ఉంది. దాన్ని అదుపులోకి తేవడానికి ఆ సమయమే ఉపయోగపడింది. బీడీ, సిగరెట్ తాగేవారు వీలైతే నాలుగు వారాల ముందే మానాలి. రక్తం పలచబడే మాత్రలు, షుగర్ మాత్రలు ఎప్పుడు ఆపాలో డాక్టరే చెప్పాలి, సొంతంగా ఆపొద్దు. ఆపరేషన్ చోట వెంట్రుకలు ఇంట్లో బ్లేడుతో గీసుకోవద్దు. ఆ సన్నని గాట్లలోంచే ఇన్ఫెక్షన్ వస్తుంది.

ఆపరేషన్ తర్వాత కూడా తొందరపడొద్దు. కుట్లు తీసి, గాయం పూర్తిగా ఆరేవరకు హౌజు, బావి, కాలువ దేంట్లోనూ దిగకూడదు. కంటి శుక్లాల ఆపరేషన్ అయితే సాధారణంగా నెల రోజుల దాకా ఈత వద్దంటారు. కోత పెట్టి చేసిన హెర్నియా ఆపరేషన్‌కు నాలుగు నుంచి ఆరు వారాలు నిండు బిందె కూడా ఎత్తొద్దు. మీ విషయంలో గడువు ఎంతో మీ సర్జన్‌ను అడిగి కాగితం మీద రాయించుకోండి.

ఇక ఆ టీచర్ గారి మొదటి ప్రశ్న. వాయిదా వేస్తే ఏమవుతుంది? ఇబ్బంది పెట్టని చిన్న హెర్నియాను సర్జన్ సలహాతో కొంతకాలం గమనిస్తూ ఉండొచ్చు. నొప్పితో పెరుగుతున్నదాన్ని మన సౌకర్యం కోసం ఆపకూడదు. ‘నాట్లు అయినంక చేయించుకుంట’ అని వెళ్లిన ఒకాయనను నెల తిరగకముందే అర్ధరాత్రి అంబులెన్స్‌లో తెచ్చారు. పేగు ఇరుక్కుని నల్లబడింది. గంటలో అయిపోవాల్సిన ఆపరేషన్‌లో పేగు ముక్క కోసి తీయాల్సి వచ్చింది. ఎప్పుడూ లోపలికి వెళ్లే ఉబ్బు వెళ్లకుండా గట్టిపడినా, నొప్పితో వాంతులైనా, గ్యాస్ పోవడం ఆగినా తెల్లారేదాకా ఆగకండి. వెంటనే 108కి ఫోన్ చేయండి.

ఈ సంగతి చెప్పాక టీచర్ గారు కాసేపు మాట్లాడలేదు. ‘సరే సార్, పిల్లలకు నేనే చెప్త’ అని లేచారు. హౌజును పక్కింటి కుర్రాళ్లు ఖాళీ చేశారట. మనవలు అయినా వచ్చారు. పగలు తాతతో క్యారమ్స్, సాయంత్రం పెరట్లో మామిడిపండ్లు. కుట్లు తీయించుకోవడానికి వెళ్తూ ఆయన నన్ను కలిసినప్పుడు పెద్ద మనవడు కూడా వెంట ఉన్నాడు. ‘వచ్చే ఎండాకాలం తాత కూడా దిగొచ్చా డాక్టర్?’ అని అడిగాడు. దిగొచ్చని చెప్పాను.

మీ ఇంట్లో ఎవరికైనా ఆపరేషన్ తేదీ వచ్చి ఉంటే, ఈ ఆదివారం అందరూ కూర్చోండి. ఇంట్లో వాళ్లొక్కరే చూసుకునే పనులేమిటో ఒక కాగితం మీద రాయండి. హౌజు, మోటారు, గేదె, గ్యాస్ సిలిండర్, ఏదైనా కావచ్చు. ఒక్కో పనికి ఎదురుగా ఇంకొకరి పేరు రాయండి. పేరు దొరకని పనిని ఆపరేషన్ అయి, వాళ్లు కోలుకునేదాకా మూసేయండి.