కావిడి కింద మసక

మా నాయన పోయిన రోజు ఇల్లంతా గాలించినా దండ వెయ్యడానికి సరైన ఫోటో ఒక్కటీ దొరకలేదు. చివరికి గిద్దలూరు నుంచి వచ్చిన స్టూడియో అబ్బాయి ఓటరు కార్డు మీది బొమ్మనే పెద్దది చేసి, చట్రం కట్టి తెచ్చాడు. ముక్కూ కళ్లూ గళ్లుగళ్లుగా విడిపోయాయి. పక్కింటివాళ్లు కూడా కాసేపు ఆగి చూస్తే గానీ పోల్చుకోలేకపోయారు. నా ఫోన్లో అప్పటికి నాలుగు వేల పైచిలుకు ఫోటోలున్నాయి. పిల్లల పుట్టినరోజులు, హోటల్లో తిన్న బిర్యానీ, బండి పెట్టిన చోటు మర్చిపోకుండా తీసిన పార్కింగు స్తంభం నంబరు... అన్నీ ఉన్నాయి. నాయన మాత్రం ఏ మూలనో సగం భుజంగానో, పంచె అంచుగానో ఉన్నాడు. కెమెరా ఎత్తితే చాలు, "నన్నెందుకురా, పిల్లల్ని తియ్యి" అని పక్కకి తప్పుకునేవాడు. నేనూ సరేననేవాణ్ని.

మొన్న పుష్యమాసంలో ఆయన కోసం ఒక ఫోటో తీశాను. అందులో ఆయన లేడు. ఆయన నాకు చూపించింది ఉంది.

1990ల్లో మా ఊరి బోరు మోటార్లకి కరెంటు ఎక్కువగా రాత్రిళ్లు వచ్చేది. మిరప తోటకి తడి పెట్టాలంటే అర్ధరాత్రి లేచి పొలానికి పోవాల్సిందే. నాయనకి వాచీ లేదు. మిద్దె మీద నులక మంచంలో పడుకుని ఆకాశంలోకి చూసి టైం చెప్పేవాడు. ఒకే వరసలో మూడు చుక్కలుంటాయి చూడండి, వాటిని మా వైపు గొల్లకావిడి అనేవారు. (ఈ పేరు మీద ఊరికో మాట ఉంది. కొన్నిచోట్ల ఇంకో మూడు చుక్కల్ని ఇలా పిలుస్తారు. మా ఊరి కావిడి మాత్రం ఇదే.) ఆ కావిడి నెత్తి మీద నుంచి జారి, పడమటి చింతచెట్టు మీదికి దిగిందంటే మోటారు వేసే వేళైనట్టు. "రోజూ ఒకే వేళకి దిగుద్దా నాయనా?" అనడిగితే, "నెలకి రెండు గంటలు ముందుకి జరుగుద్దిరా, ఆ లెక్క తీసుకోవాల" అన్నాడు. మూడో తరగతితో బడి మానేసిన మనిషికి ఈ లెక్క ఎవరు చెప్పారో నాకు తెలియదు.

కావిడి కింద వేలాడుతున్నట్టు ఇంకో మూడు సన్న చుక్కలుంటాయి. వాటి నడిమిది చూపించి, "అది చుక్క కాదురా, మసక. మబ్బనుకుంటావేమో, రాత్రంతా చూడు, చెదరదు. చుక్కలతోటే వచ్చి చుక్కలతోటే పోద్ది" అనేవాడు. నాకప్పుడు పన్నెండేళ్లు. నిద్రొస్తోందని దుప్పటి ముసుగు పెట్టాను.

తర్వాత చదువు, ఉద్యోగం, హైదరాబాదు. చలికాలంలో ఫోన్ చేసినప్పుడల్లా నాయన అడిగే ప్రశ్న ఒకటుండేది. "కావిడి కనిపిస్తందా అక్కడ?" టీవీ మీద నుంచి చూపు తిప్పకుండానే, "ఆ, కనిపిస్తోంది నాయనా" అనేవాణ్ని. "మసక కూడానా?" "ఆఁ." బాల్కనీలోకి నాలుగడుగులు. ఏ ఒక్కసారీ వెళ్లి చూడలేదు. వెళ్లినా కనిపించి ఉండేది కాదు. మా వీధిలో లైట్ల వెలుగుకి మూడు పెద్ద చుక్కలు నిలబడితే గొప్ప.

నాయన మసక అన్నదాన్ని నీహారిక అంటారు. ఇంగ్లిషు వాళ్లకి అది ఒరాయన్ నెబ్యులా. మన పంచాంగం లెక్కలో మృగశిర, ఆర్ద్ర నక్షత్రాలు ఈ ఒరాయన్ బొమ్మలోనివే. మృగశిర కార్తె అనగానే మనకి చేపలూ తొలకరీ గుర్తొస్తాయి గానీ, ఆ కార్తెలో మృగశిరని చూద్దామంటే కుదరదు. సూర్యుడు అప్పుడు ఆ నక్షత్రం దగ్గరే ఉంటాడు కాబట్టి అది పగలంతా ఆయనతోటే తిరిగి ఆయనతోటే అస్తమిస్తుంది. దాన్ని చూడాలంటే చలికాలం రావాలి. డిసెంబరు నుంచి మార్చి దాకా పొద్దుపోయాక ఆరుబయటికొస్తే వెతుక్కోనక్కర్లేదు.

ఆ మసక మనకి సుమారు 1,340 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. అంటే ఈ రాత్రి మన కంట్లో పడే వెలుగు అక్కడ బయల్దేరేనాటికి వేంగిలో తూర్పు చాళుక్యులు ఏలుతున్నారు. కడప సీమలో కలమళ్ల శాసనం చెక్కి వందేళ్లు దాటింది. నన్నయ పుట్టడానికి ఇంకా మూడొందల ఏళ్లకి పైనే ఉంది. ఈ చివర నుంచి ఆ చివరకి పోవాలంటే వెలుగుకే ఇరవై ఏళ్లకి పైగా పడుతుంది. అంతా వాయువూ ధూళీ. దాని నడుమ కొత్త నక్షత్రాలు పుడుతున్నాయి. అలా పుట్టినవాటిలో బాగా వేడి కక్కేవి నాలుగు ఒకచోట చేరి, చుట్టూ ఉన్న వాయువుని వెలిగిస్తున్నాయి.

దీన్ని మొట్టమొదట ఫోటో తీసినాయన హెన్రీ డ్రేపర్. అమెరికాలో డాక్టరు చదువు చదివి చుక్కల వెంట పడ్డ మనిషి. 1880 సెప్టెంబరు 30న దాదాపు 50 నిమిషాలు గాజు పలకకి వెలుగు తాగించి ఆ బొమ్మ పట్టాడు. నన్ను పట్టేసింది మాత్రం వాళ్లింటి కథ. 1840లో చంద్రుణ్ని ఫోటో తీసిన తొలివాళ్లలో ఒకరు హెన్రీ తండ్రి జాన్ విలియం డ్రేపర్. తండ్రి చంద్రుడి దగ్గర ఆగిన చోట కొడుకు అందుకున్నాడు. 1882లో ఇద్దరూ పోయారు. తండ్రి జనవరిలో, కొడుకు నవంబరులో. హెన్రీకి అప్పటికి 45 ఏళ్లు. భార్య ఆనా ఆయన పేరు మీద రాతి సమాధితో సరిపెట్టలేదు. హార్వర్డ్ అబ్జర్వేటరీకి డబ్బిచ్చి, ఆయన వదిలి వెళ్లిన పని కొనసాగించమంది. ఆ డబ్బుతో తీసిన ఫోటోల ఆధారంగా తయారైన నక్షత్రాల పట్టికలో రెండు లక్షల పాతికవేలకి పైగా చుక్కలున్నాయి. ఈనాటికీ శాస్త్రజ్ఞులు ఎన్నో నక్షత్రాల్ని హెచ్‌డీ అన్న రెండక్షరాలూ, పక్కన ఓ నంబరూ పెట్టి పిలుస్తారు. ఆ రెండక్షరాలూ హెన్రీ డ్రేపర్‌వే.

నాకు అంత డబ్బూ లేదు, చదువూ లేదు. మా ఆఫీసులో ఒకాయన "ఎందుకండీ ఈ తిప్పలు, నాలుగైదు వేలు పారేస్తే ఒక చుక్కకి మీ నాన్నగారి పేరు పెట్టి సర్టిఫికెట్టు పంపుతారు" అన్నాడు. మీకూ ఎవరైనా ఇలా చెప్పొచ్చు, జాగ్రత్త. నక్షత్రాల పేర్లని ఖాయం చేసేది అంతర్జాతీయ ఖగోళ సమాఖ్య. అది పేర్లు అమ్మదు, అమ్మేవాళ్లని గుర్తించదు. వచ్చేది మంచి కాగితం, అంతే.

పాత కెమెరా ఒకటి, 200 ఎం.ఎం. లెన్సు ఒకటి సెకండ్‌హ్యాండులో కొన్నాను. నాయన తిథి పుష్య బహుళ ద్వాదశి. ఇక్కడ నాకు కలిసొచ్చిన సంగతొకటుంది. మనం తద్దినం పెట్టేది ఇంగ్లిషు తేదీని బట్టి కాదు, తిథిని బట్టి. అంటే ఏటా ఆ రాత్రి చంద్రుడు ఒకే తీరుగా ఉంటాడు. బహుళ ద్వాదశి నాడు తెల్లవారుజాము దాకా పైకి రాడు, వచ్చినా సన్నటి రేఖే. నాయన తిథికి ఆకాశం ఎప్పుడూ చీకటే. మబ్బు పట్టకపోతే చాలు.

మొదటి ఏడు స్టాండు మీద కెమెరా పెట్టి నిమిషం పాటు తెరిచి ఉంచాను. చుక్కలన్నీ గీతలైపోయాయి. భూమి తిరుగుతోందని బడిలో చదువుకున్నానే గానీ, అంత జోరుగా తిరుగుతోందని అప్పుడే తెలిసింది. రెండో ఏడు ట్రాకర్ అనే చిన్న యంత్రం తెచ్చాను. భూమి ఇటు తిరుగుతుంటే అది కెమెరాని అటు తిప్పుతుంది. దాని కాగితాల్లో ఒక మాట దగ్గర ఆగిపోయాను. చుక్కలు ఒక చుట్టు తిరగడానికి పట్టేది 24 గంటలు కాదు, 23 గంటల 56 నిమిషాలు. రోజుకి నాలుగు నిమిషాల తేడా. ముప్ఫై రోజులకి నూట ఇరవై నిమిషాలు. నాయన చెప్పిన రెండు గంటలు!

ఆ యంత్రం ఇరుసుని ధ్రువ నక్షత్రం వైపు గురిపెట్టాలి. ధ్రువుడు ఏ ఊరికి ఎంత ఎత్తులో ఉంటాడన్నది ఆ ఊరి అక్షాంశాన్ని బట్టి ఉంటుంది. ఢిల్లీ వాళ్లకి 28 డిగ్రీల పైన. మా ఊరికి 15 డిగ్రీల చిల్లర, చెయ్యి చాచి పట్టుకుంటే పిడికిలిన్నర. సరిగ్గా అక్కడే మా ఇంటి వేపచెట్టు అడ్డం. కొమ్మ కొట్టిద్దామా అంటే అమ్మ, "మీ నాయన నాటిన చెట్టురా అది" అంది. ఆ ఏడూ అంతే.

మూడో ఏడు తద్దినం అయ్యాక సాయంత్రం సామానంతా మోసుకుని పొలానికే పోయాను. మోటారు కొట్టం కప్పు మీద కెమెరా పెట్టుకుని, పక్కన గోనెసంచి పరుచుకుని కూర్చున్నాను. ఒక్కొక్కటీ నిమిషం చొప్పున 140 ఫోటోలు. ఒక్క ఫోటో చాలదా అంటే చాలదు. ఆ వెలుగు అంత పల్చన. తిరునాళ్లలో పిల్లాడు తప్పిపోతే మైకులో ఒక్కసారి పిలిచిన పేరు గోలలో కలిసిపోతుంది. అదే పేరు పదేపదే పిలిస్తే చెవిన పడుతుంది. ఇదీ అంతే. నీహారిక వెలుగు ప్రతి ఫోటోలోనూ అదే చోట పడుతుంది, కెమెరా రొద మాత్రం ఒక్కోసారి ఒక్కోచోట పడుతుంది. వంద ఫోటోల్ని ఒకదాని మీద ఒకటి పేర్చి సగటు కడితే ఆ రొద పదో వంతుకి తగ్గుతుంది. నడిమధ్య భాగం వెలుగెక్కువై తెల్లగా మాడిపోతుందని, దానికోసం ఐదేసి సెకన్లవి విడిగా ఇరవై తీశాను.

పదకొండున్నరకి గట్టు మీద టార్చిలైటు కనిపించింది. మా చిన్నాయన. అడవి పందుల కోసం కాపలా తిరుగుతున్నాడు. ఒక ఫోటో ఆ వెలుగుకి పాడైంది. చెప్పగానే లైటు ఆర్పి వచ్చి పక్కన కూర్చున్నాడు. ఏం తీస్తున్నానో చూపించాను.

"మసక గదా," అన్నాడు. "అన్న రోజూ చెప్పేవాడు. మావాడికి హైదరాబాదులో గూడా కనిపిస్తందంట, ఇద్దరం ఒకేసారి చూస్తన్నాం అనేవాడు."

నేనేమీ మాట్లాడలేదు. కెమెరా టిక్కుమని ఇంకో నిమిషం మొదలుపెట్టింది. కావిడి పడమటికి వాలిందాకా చిన్నాయన అక్కడే కూర్చుని, ఆ ఏడు మిరప ధర గురించి మాట్లాడాడు.

గీతలు పడ్డవీ, కదిలినవీ తీసేస్తే 109 మిగిలాయి. రాత్రిళ్లలో ఉపగ్రహాల గీతలు ఇప్పుడు మరీ ఎక్కువయ్యాయి లెండి. కంప్యూటరులో పేర్చడానికి నాకు పది రోజులు పట్టింది. చివరికి తెర మీద తేలింది... రెక్కలు విప్పిన పక్షిలా, గులాబీ ఎరుపు అంచులతో. మా చిన్నమ్మాయి చూసి, "తాత ఇక్కడికెళ్లాడా?" అంది. లేదమ్మా, అక్కడ చుక్కలు పుడతాయి, తాత దాన్ని చూసేవాడు అని చెప్పాను. తృప్తి పడినట్టు లేదు. వాళ్లమ్మ మాత్రం "వెళ్లాడనొచ్చుగా, పోయేదేముంది" అంది. నాకెందుకో నోరు రాలేదు. అప్పటికే ఆ మసక గురించి ఒకసారి అబద్ధం ఆడి ఉన్నాను.

పెద్ద సైజులో ప్రింటు వేయించి ఊరికి తీసుకెళ్లాను. అమ్మ కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూసింది.

"మీ నాయన చూపించింది ఇంత ఎర్రగా లేదే?"

మసక వెలుతుర్లో మన కంటికి రంగులు తెలియవనీ, కన్ను వెలుగుని కూడబెట్టుకోలేదనీ, కెమెరా రెండు గంటలు కూడబెట్టింది కాబట్టి హైడ్రోజన్ ఎరుపు బయటపడిందనీ చెప్పాను.

"అయితే ఆయనకి ఈ రంగు కనపళ్లేదన్నమాట."

"ఎవరికీ కనపడదమ్మా."

కొంగుతో అద్దం తుడిచింది. నాయన ఫోటో పక్కన మేకు కొట్టబోతే వద్దంది. "అక్కడ పెడితే దీనికీ దండేస్తారు. గడియారం కింద పెట్టు. టైం దాంట్లోనే గదా చూసేవాడు."

ఇప్పుడు అది మా ఊరి ఇంట్లో గోడ గడియారం కింద ఉంది. ఓటరు కార్డు ఫోటో అలాగే ఉంది. దానికి నేను చేయగలిగిందేమీ లేదు. కదలని చుక్కని వందసార్లు తీసి పేర్చొచ్చు గానీ, పక్కకి తప్పుకున్న మనిషిని పేర్చే సాఫ్ట్‌వేర్ లేదు.

పోయిన వారం అమ్మకి ఫోన్ చేశాను. అవీ ఇవీ మాట్లాడాక, "కావిడి కనిపిస్తందా రా అక్కడ?" అంది. ఆమె ఎప్పుడూ అడగని ప్రశ్న. ఉండమని చెప్పి, ఫోన్ పట్టుకునే బాల్కనీలోకి వెళ్లాను. ఎదుటి అపార్టుమెంటు నీళ్ల ట్యాంకు పైన కాసేపు వెతికాను.

"మూడు చుక్కలు కనిపిస్తున్నాయమ్మా. మసక కనిపించట్లేదు."