చూపు పోవక ముందే

మధుమేహము మన కృష్ణా డెల్టాకు కొత్త చుట్టము కాదు. తెనాలిలో గాని, బాపట్లలో గాని, రేపల్లెలో గాని చక్కెరవ్యాధి యెరుగని వీధి యుండదనుట అతిశయోక్తి కానేరదు. భారత వైద్య పరిశోధన మండలి తోడ్పాటున జరిగి 2023లో వెలువడిన పరిశీలనమును బట్టి దేశమున మధుమేహగ్రస్తులు 10 కోట్లకు మించియున్నారు. రక్తమున చక్కెర యెంతయని యడుగుట మన ప్రజలు నేర్చికొనిరి. కన్ను ఎట్లున్నదని యడుగుట యింకను నేర్చికొనలేదు. ఈ యుపేక్ష యెంతటి యనర్థమునకు దారితీయునో ప్రజలకును ప్రభుత్వమునకును విన్నవించుట మా విధి.

ఈ వ్యాధి కంటి వెనుకపొర యగు రెటీనాలోని సన్నని రక్తనాళములను మెల్లమెల్లగ చెరచును. నాళములు ఉబ్బి ఎఱ్ఱని చుక్కలవలె కానవచ్చును. వానినుండి నీరు స్రవించి చూపునకు కేంద్రమైన భాగము వాచును. నొప్పి లేదు, చాలకాలము చూపును తగ్గదు. రోగి తనకేమియు లేదనుకొనుచుండగనే లోపల విధ్వంసము సాగుచుండును. చూపు మందగించిన పిమ్మట వైద్యుని జేరినవానికి పోయిన చూపు పూర్తిగ మరలివచ్చుట దుర్లభము. కావున నిచట బాధను నమ్మి కూర్చుండరాదు, కొలతనే నమ్మవలయును.

కొలుచు సాధనములకు కొదువ లేదు. 1851లో హెల్మ్‌హోల్ట్‌జ్ పండితుడు కంటిలోనికి జూచు పరికరమును నిర్మించెను. నేడు కెమెరా యొక్క క్షణములో రెటీనా చిత్రమును దీయుచున్నది. 1991లో అమెరికాలో వెలసిన యొక విధానము కాంతి సాయమున రెటీనా మందమును వెంట్రుకలో పదవవంతు తేడాతో గూడ కొలువగలుగుచున్నది. ముదిరిన వ్యాధి గల కన్నులకు సకాలమున లేజరు చికిత్స జరిగినచో ఘోరమైన దృష్టినష్టము సగము మేరకైనను తగ్గునని 1970ల నాటి పరిశోధనమే తేల్చినది.

క్యాన్సరు విషయమునను ధర్మ మిదియే. కణము పరిమాణమెంత, దాని కేంద్రము ఎంత పెరిగినది, ఎన్ని కణములు చీలుచున్నవి యను లెక్కయే నిర్ణయమునకు మూలము. క్యాన్సరు కణములు మామూలు కణములకంటె మెత్తనివని 2007లో కాలిఫోర్నియా శాస్త్రజ్ఞులు సూదిమొనతో నొక్కి కొలిచి చూపిరి. ఈ కొలతల విద్యలో ఆంధ్రులు పరాయివారు కారు. భీమవరమున జన్మించిన యెల్లాప్రగడ సుబ్బారావు 1925లో ఫిస్కెతో గూడి రక్తమునందలి భాస్వరమును కొలుచు పద్ధతిని ప్రకటించెను. అది లోకమునందలి ప్రయోగశాలలకెల్ల వాడుకయైనది. ఆయన బృందము సిద్ధపరచిన యౌషధముతోనే 1948లో ఫార్బరు వైద్యుడు రక్తక్యాన్సరు గల పదాఱుగురు బాలలలో పదిమందికి తాత్కాలికోపశమనము కలిగినట్లు ప్రకటించెను. ఆ యుపశమనమును రుజువు చేసినదియు రక్తకణముల లెక్కయే.

ఇక అన్యదేశముల మాట. ఇంగ్లండులో 2003 మొదలుగ మధుమేహ రోగుల కన్నులను క్రమముగ చిత్రించు ఏర్పాటు జరిగినది. పనిచేయు వయస్సువారి అంధత్వమునకు ఆ దేశమున కనీసము ఐదు దశాబ్దములుగ ప్రథమ కారణమై యుండిన యీ వ్యాధి ఆ స్థానమును గోలుపోయినట్లు 2014లో వెల్లడియైనది. ఒకనాడు మనల నేలినవారు తమ ప్రజలకు జేసికొన్నదానిని స్వతంత్రులమైన మనమేల చేసికొనరాదు? మరియొకటి. 2016లో గూగులు సంస్థ రెటీనా చిత్రములను తానే చదువు యంత్రమును ప్రకటించినది. దానికి విద్య గఱపిన లక్షకు మించిన చిత్రములలో మదుర అరవింద, మద్రాసు శంకర నేత్రాలయముల వంటి భారతీయ వైద్యశాలల చిత్రములు గలవు. మన కన్నులు గురువులైనవి. గురుదక్షిణ మన పల్లెలకు చేరవలదా?

కొలిచినంత మాత్రమున వ్యాధి కుదురునా యని కొందరు ప్రశ్నింపవచ్చును. నిజమే. చికిత్సలేని పరీక్ష రోగికి దిగులును మాత్రమే మిగుల్చును. 2019లో మన రాష్ట్రమున బడిపిల్లలతో ఆరంభమైన కంటి వెలుగు పథకము మంచి యుద్యమమే. కాని కళ్లజోడుతో రెటీనా వ్యాధి మానదు. కనుక మేము కోరునది స్పష్టము. తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రభుత్వ వైద్యశాలలలో మధుమేహ రోగి ప్రతియొక్కనికి ఏడాదికొకమారు రెటీనా చిత్రము తీయవలయును. తీయుటకు శిక్షితుడైన సహాయకుడు చాలును. చిత్రము నేత్రవైద్యుని కడకు నాడే పంపవచ్చును. చికిత్స వలసినవానికి తేదీని, ప్రయాణపు ఖర్చును ఇచ్చి పంపవలయును. ముప్పదియేండ్లు దాటినవారికి నోరు, రొమ్ము, గర్భాశయముఖ క్యాన్సరుల పరీక్ష జరుపవలెనని కేంద్రప్రభుత్వ నిబంధన గలదు. తీసిన ముక్కయొక్క ఫలితము నియత దినములలో రోగి చేతికి రావలయును. ఎందరిని కొలిచిరో, ఎందరికి చికిత్స జేసిరో యేటేట ప్రకటింపవలయును. బాపట్ల యింజనీరింగు విద్యార్థులు ఈ పరికరములను సరిచూచుటయు నిర్మించుటయు నేర్తురుగాక.

2022లో బాపట్లయు రేపల్లెయు కొత్త జిల్లాలో జేరినవి; తెనాలి గుంటూరు జిల్లాలోనే నిలిచినది. వ్యాధికి ఈ హద్దులు తెలియవు. ప్రథమాంధ్ర మహాసభ 1913లో సమావేశమైనది బాపట్లలో. 1942లో తుపాకి గుండ్లకు ఏడుగురు నేలగూలినది తెనాలిలో. అట్టి సీమలో, రైలుదారి కొసనున్న రేపల్లె పేదరైతు నివారింపదగిన గ్రుడ్డితనమున బడుట మనకు తలవంపు. అధికారులు కదలుదురుగాక, అంతవరకు వేచియుండక మధుమేహము గల ప్రతి పాఠకుడును ఈ నెలలోనే తన కన్ను చూపించుకొనుగాక.