బయటికొచ్చే దారి చూశాకే లాడ్జికి సాఫ్ట్‌వేర్ కొనండి

సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసేవాడికి మా వైపు ఇంకో ఉద్యోగం కూడా ఉచితంగా అంటగడతారు. సలహాదారు ఉద్యోగం. మనం రాసేది ఏదో బ్యాంకుకి జావా కోడా, ఏ అమెరికా ఇన్సూరెన్సు కంపెనీకో టెస్టింగా అన్నది ఎవరికీ అక్కర్లేదు. "నువ్వు కంప్యూటర్ల వాడివే గదరా అబ్బాయ్, మా లాడ్జికి మంచి సాఫ్ట్‌వేర్ ఏదో చెప్పు" అంటారు. బందరులోనో, గుడివాడలోనో, దివిసీమలోనో లాడ్జీలు, మెస్సులు, ఫంక్షన్ హాళ్ళు నడిపే చుట్టాలున్న వాళ్ళందరికీ ఇది అనుభవమే అనుకుంటాను. అప్పుడు మనమేం చేస్తాం? గూగుల్లో వెతికి, పైనున్న నాలుగు పేర్లు పట్టుకుని, ఎక్సెల్లో ఫీచర్ల పట్టిక ఒకటి చేసి, ఎక్కువ టిక్కులు పడ్డదాన్ని చూపించేసి చేతులు దులుపుకుంటాం.

ఈ పద్ధతి మీద నాకు గట్టి అభ్యంతరం ఉంది. ఇరవై గదుల లాడ్జికి సాఫ్ట్‌వేర్ ఎంచేటప్పుడు అడగాల్సినవి రెండే ప్రశ్నలు. ఒకటి, మన ఊరి పద్ధతి దానికి తెలుసా? రెండు, రేపు వద్దనుకుంటే మన లెక్కలు మనం పట్టుకుని బయటికి రాగలమా? మొదటిది కొద్దిమందన్నా అడుగుతారు. రెండోది అడిగినవాడిని నేనింతవరకూ చూళ్ళేదు.

ముందు మన ఊరి పద్ధతి సంగతి చూద్దాం.

బందరు జిల్లా కేంద్రం. కోర్టు వాయిదాలకీ, కలెక్టరాఫీసు పనులకీ వచ్చేవాళ్ళు, పెడన కలంకారీ కొనేవాళ్ళు, చిలకలపూడి రోల్డుగోల్డు వ్యాపారస్తులు దిగుతారు. కార్తీక పౌర్ణమికి మంగినపూడిలో సముద్రస్నానాలు, మాఘ పౌర్ణమికి హంసలదీవిలో సాగరసంగమ స్నానాలు. మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరుడికి మొక్కులున్నవాళ్ళు సరేసరి. గుడివాడ జంక్షన్ కాబట్టి బెజవాడ, భీమవరం, బందరు రైళ్ళవాళ్ళు వస్తూ పోతూ ఉంటారు. వీటన్నిటికీ మించి పెళ్ళిళ్ళు. ముహూర్తాలున్న వారం గది దొరకదు, మూఢం వస్తే ఈగలు తోలుకోవడమే. మా డెల్టాలో గదుల గిరాకీ నడిచేది పంచాంగాన్ని బట్టి. శనాదివారాల్ని బట్టి ధర పెంచి తగ్గించే 'డైనమిక్ ప్రైసింగ్' గురించి సేల్స్ కుర్రాడు అరగంట చెప్తాడు గానీ, మాఘ పౌర్ణమి ఎప్పుడో దానికి మనమే చెప్పాలని మాత్రం చెప్పడు.

అంతకన్నా పెద్ద చిక్కు ఇంకోటుంది. మన దగ్గర చాలా లాడ్జీల్లో ఇరవైనాలుగు గంటల చెక్ఔట్. రాత్రి 9:40కి దిగినవాడికి మర్నాడు రాత్రి 9:40 దాకా గది వాడిదే. పెద్ద హోటళ్ళ కోసం పుట్టిన సాఫ్ట్‌వేర్‌లో ఇలా ఉండదు. మధ్యాహ్నం పన్నెండుకి అందరూ ఖాళీ చేస్తారనీ, అర్ధరాత్రి దాటాక 'నైట్ ఆడిట్' అని ఒకటి నడిపి తేదీ మారుస్తారనీ దాని నమ్మకం. ఈ రెండూ కలిస్తే ఏమవుతుందో ఊహించండి. లోపల మనిషి నిద్రపోతున్న గదిని సాఫ్ట్‌వేరు పన్నెండింటికి ఖాళీ అని ఆన్‌లైన్ సైట్లకి చెప్పేస్తుంది. ఎవడో హైదరాబాదులో కూర్చుని డబ్బు కట్టి బుక్ చేసుకుంటాడు. సాయంత్రం కౌంటర్ దగ్గర ఇద్దరు కస్టమర్లు, ఒక తాళంచెవి. తిట్లు తినేది రిసెప్షన్‌లో ఉన్న కుర్రాడు. ఫీచర్ల పట్టికలో దీనికి గడే ఉండదు.

పెళ్ళివారి సంగతి చెప్పనే అక్కర్లేదు. పన్నెండు గదులు ఒకే పేరు మీద, అడ్వాన్సు పెళ్ళికూతురి మేనమామ ఇస్తాడు, బిల్లు ఆయన తమ్ముడు కడతాడు, ఏ గదిలో ఎవరున్నారో తెల్లారేదాకా తేలదు. మొత్తానికీ ఒకే బిల్లు కావాలి, కానీ గుర్తింపు వివరాలు మాత్రం దిగినవాళ్ళందరివీ ఉండాలి. డెమోలో ఇదొక్కటీ చేసి చూపించమనండి. సగం సాఫ్ట్‌వేర్లు అక్కడే ఆగిపోతాయి.

ఇక పన్నులు. 2017 జులైలో జీఎస్‌టీ వచ్చినప్పుడు రోజుకి వెయ్యిలోపు గదికి పన్ను లేదు. 2022 జులై 18 నుంచి దానికీ 12 శాతం వేశారు. 2025 సెప్టెంబరు 22 నుంచి ఏడున్నర వేల దాకా 5 శాతం చేశారు, ఐతే ఇన్‌పుట్ క్రెడిట్ తీసుకోకూడదు. అంటే రిజిస్ట్రేషన్ ఉన్న లాడ్జిలో 900 రూపాయల గది మీద పన్ను మొదట సున్నా, తర్వాత 108, ఇప్పుడు 45. భోజనాల వైపు చూస్తే, 2022 జనవరి 1 నుంచి స్విగ్గీ, జొమాటోల ద్వారా వెళ్ళే హోటలు భోజనం మీద జీఎస్‌టీ ఆ కంపెనీలే కడుతున్నాయి. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌కి ఈ తేడా తెలియకపోతే ఆ పన్ను మళ్ళీ మన లెక్కలోకి వచ్చి కూర్చుంటుంది. కాబట్టి అడగాల్సిన ప్రశ్న "జీఎస్‌టీ ఉందా" అని కాదండీ, అది అందరిదగ్గరా ఉంటుంది. "రేటు మారిన రోజు మార్చేదెవరు? మేమే మార్చుకోవచ్చా, మీ ఇంజనీరు రావాలా? వస్తే ఎంత తీసుకుంటాడు?" అని అడగాలి.

కరెంటూ, నెట్టూ గురించి కూడా ఒక మాట. 1977 నవంబరు ఉప్పెన చూసిన సీమ మాది. మొన్న 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుఫాను నర్సాపురం దగ్గర తీరం దాటింది. తుఫాను అన్నాక ముందు పోయేది కరెంటు, ఆ వెనకే నెట్టు. సరిగ్గా అలాంటి రాత్రుల్లోనే దారిలో చిక్కుకుపోయినవాళ్ళు గదుల కోసం వస్తారు. నెట్ లేకపోతే బిల్లు కూడా కొట్టలేని క్లౌడ్ సాఫ్ట్‌వేర్ ఆ రాత్రికి ఎందుకు? క్లౌడ్ చెడ్డదని నేననను, నా జీతం వచ్చేదే క్లౌడు నుంచి :) నెట్ పోయినప్పుడు ఫోన్లోనో, అక్కడున్న కంప్యూటర్లోనో రాసుకుని, వచ్చాక కలుపుకోగలదా అన్నదే చూడాలి.

"ఇన్ని తలనొప్పులెందుకు, పొడుగు రిజిస్టరు చాలదా?" అని ఎవరన్నా అడగొచ్చు. చాలదు. యజమానులు సాఫ్ట్‌వేర్ కొనే అసలు కారణం మనకెవరూ పైకి చెప్పరు గానీ, అది నమ్మకం. లాడ్జి గుడివాడలో, యజమాని కూకట్‌పల్లిలోనో డల్లాస్‌లోనో. రాత్రి ఎన్ని గదులు నిండాయో ఫోన్లో చూసుకోవాలి. రాయకుండా ఇచ్చిన గది ఎంతో తెలియాలి. ఈ భయం న్యాయమైనదే. ఐతే ఎంట్రీ చెయ్యని గదిని ఏ సాఫ్ట్‌వేరూ పట్టుకోలేదు. చాకలికి వేసిన దుప్పట్ల లెక్కా, నిండిన గదుల లెక్కా వారానికోసారి పక్కపక్కన పెట్టి చూస్తే పట్టుకోవచ్చు. అలా సరిచూసే రిపోర్టు ఒకటి ఇచ్చే సాఫ్ట్‌వేర్, రంగురంగుల డాష్‌బోర్డు ఉన్న సాఫ్ట్‌వేర్ కన్నా నా లెక్కలో మేలు.

గుర్తింపు కాయితాల సంగతి ఇంకో మెలిక. 2022 మేలో ఆధార్ సంస్థ బెంగుళూరు ఆఫీసు, హోటళ్ళు ఆధార్ జిరాక్సులు పెట్టుకోకూడదని ఒక ప్రకటన ఇచ్చింది. అపార్థాలు వస్తున్నాయని రెండు రోజుల్లో దాన్ని వెనక్కి తీసుకున్నారు. 2023లో వ్యక్తిగత డేటా చట్టం వచ్చింది, 2025 నవంబరులో దాని నియమాలూ వచ్చాయి. కానీ కౌంటర్ సొరుగులో జిరాక్సుల కట్ట అలాగే ఉంది. ఇప్పుడు దాన్నే స్కాన్ చేసి ఎవరిదో సర్వర్లో పెడుతున్నాం. విదేశీయులు దిగితే ఇరవైనాలుగు గంటల్లో ఆన్‌లైన్‌లో తెలియజెయ్యాలన్న నియమం కూడా ఉంది కదా. మా వైపు విదేశీయుడంటే ఎవరు? సంక్రాంతికి వచ్చిన మనూరి కుర్రాడే! అమెరికా పాస్‌పోర్టు, ఓసీఐ కార్డు పట్టుకుని, గుడివాడ యాసలో "టిఫినేముంది బాబాయ్" అంటాడు. వాడిని చూసి ఫారం నింపాలని కౌంటర్లో కుర్రాడికి తట్టదు. సాఫ్ట్‌వేర్ గుర్తు చెయ్యాల్సింది అక్కడ.

సరే, రెండో ప్రశ్నకొద్దాం. బయటికొచ్చే దారి.

నాకు తెలిసిన ఒకాయనకి పద్దెనిమిది గదుల లాడ్జి ఉంది. మూడేళ్ళు ఒక సాఫ్ట్‌వేర్ వాడారు. ఏఎమ్‌సీ ఏటేటా పెరుగుతుంటే మారదామనుకున్నారు. పాత బిల్లులు, కస్టమర్ల ఫోన్ నంబర్లు ఎక్సెల్లో ఇవ్వమంటే, ముందు ఆ ఏడాది ఏఎమ్‌సీ కట్టమన్నారు. కట్టాక ఇచ్చింది ఒక పీడీఎఫ్ కట్ట. వేల పేజీలు. అందులోంచి ఒక నంబరు వెతుక్కోవడం కన్నా పాత రిజిస్టరు తిరగెయ్యడం సులువు. ఆయన ఇప్పటికీ రెండు సాఫ్ట్‌వేర్లకీ డబ్బు కడుతున్నారు. ఎందుకంటే జీఎస్‌టీ చట్టం ప్రకారం లెక్కల పుస్తకాలు వార్షిక రిటర్ను గడువు నుంచి 72 నెలల దాకా దాచాలి. ఆరేళ్ళు! పాత లెక్కలు అందులో ఇరుక్కుపోతే ఆరేళ్ళూ అద్దె కట్టాల్సిందే. పొడుగు రిజిస్టరుకి ఉన్న ఒక సుగుణం ఇప్పుడు చెప్తాను. దానికి పాస్‌వర్డు లేదు.

అమ్మినవాళ్ళు మంచివాళ్ళే ఐనా ఈ ప్రశ్న తప్పదు, ఎందుకంటే కంపెనీలే చేతులు మారుతుంటాయి. హోటలు సాఫ్ట్‌వేర్‌లో ఒకప్పటి పెద్ద పేరు మైక్రోస్‌ని 2014లో ఒరాకిల్ కొనేసింది. చిన్న హోటళ్ళకి అమ్మే సూరత్ కంపెనీ ఈజీ టెక్నోసిస్ 2019లో కొరియా వాళ్ళ యానోల్జా చేతికి వెళ్ళింది. ఇందులో తప్పేం లేదు, వ్యాపారం. కానీ ఈరోజు మీకు మాటిచ్చిన మనిషి రేపు ఆ కుర్చీలో ఉంటాడని రాసిపెట్టి లేదు. అందుకే కొనేముందే కాయితం మీద రాయించుకోవాలి: అడిగినప్పుడల్లా మొత్తం డేటా ఎక్సెల్లో గానీ సీఎస్‌వీలో గానీ ఇవ్వాలి, దానికి విడిగా డబ్బు అడగకూడదు, ఆడిటరుగారి ట్యాలీలోకి అది ఎక్కాలి. డెమో రోజునే ఒకసారి ఎగుమతి చేయించి, ఆ ఫైలు ఆడిటరుకి పంపి చూడండి.

ఆ ఫోన్ నంబర్లకి అంత విలువేమిటంటారా? బుకింగ్ సైటు కమీషను ఇరవై శాతం అనుకుందాం. 1,200 గది మీద 240. నెలకి వంద గదులు అలా వెళ్తే 24,000. ఒకసారి సైటు ద్వారా వచ్చిన కలంకారీ వ్యాపారి రెండోసారి నేరుగా ఫోన్ చేస్తే ఆ డబ్బు లాడ్జిలోనే ఉంటుంది. సైట్లకీ హోటళ్ళకీ మధ్య బలాబలాలెలా ఉంటాయో తెలియాలంటే 2022 అక్టోబరులో కాంపిటీషన్ కమిషన్ ఇచ్చిన ఉత్తర్వు చూడండి. మేక్‌మైట్రిప్-గోఐబిబోకి 223.48 కోట్లు, ఓయోకి 168.88 కోట్లు జరిమానా వేసింది. హోటలువాడు తన గదిని వేరేచోట తక్కువకి అమ్ముకోకూడదన్న షరతులు అందులో ఒక కారణం. తర్వాత అప్పీళ్ళకి వెళ్ళారు, అది వేరే సంగతి. కమిషన్‌ దాకా వెళ్ళే స్తోమత బందరు లాడ్జికి లేదు. దానికున్న బలమల్లా తన కస్టమర్ల జాబితాయే. దాన్నీ ఇంకొకడి సర్వర్లో తాళం వేసి పెడితే ఇక మిగిలేదేమిటి?

చివరిగా మనలాంటి సలహాదార్ల గురించి. హోటలు టెక్నాలజీ కన్సల్టెంట్లమని చెప్పుకునే వాళ్ళలో కొందరు అమ్మేవాళ్ళ దగ్గర కమీషను తీసుకుంటారు. అది నేరమేమీ కాదు. డీలరన్నవాడికి కమీషను ఉండాల్సిందే. కానీ డీలరు డీలరులా కనబడాలి. తటస్థుడి వేషంలో వచ్చి "ఇదే బెస్టు సార్" అంటే అది మోసం. కాబట్టి సలహా ఇచ్చేవాడిని మొహమాటం లేకుండా అడగాలి, "నేనిది కొంటే నీకేమన్నా వస్తుందా?" అని. ఫ్రెండు కంపెనీదని చెప్పి అంటగట్టే మనవాళ్ళకీ ఇదే ప్రశ్న వర్తిస్తుంది.

ఇక మీకు నేను చెప్పేదొకటే. ఈసారి ఊరెళ్ళినప్పుడు ఎవరన్నా సాఫ్ట్‌వేర్ పేరు అడిగితే వెంటనే చెప్పకండి. ముహూర్తం ఉన్న రోజు చూసుకుని, సాయంత్రం ఆరు నుంచి పన్నెండు దాకా కౌంటర్ వెనక స్టూలు వేసుకుని కూర్చోండి. ఎవరొస్తున్నారు, ఏం అడుగుతున్నారు, కుర్రాడు ఏం రాస్తున్నాడు, ఏం రాయట్లేదు... చూడండి. మన ఆఫీసుల్లో దీన్నే రిక్వైర్‌మెంట్స్ గ్యాదరింగ్ అని పెద్ద పేరు పెట్టి డాలర్లలో బిల్లు వేస్తాం. తర్వాత డెమో రాత్రి కుర్రాడి చేతికే ఇప్పించండి, మధ్యలో వైఫై తీసెయ్యండి, రిజిస్టరు కూడా పక్కన పదిహేను రోజులు నడవనివ్వండి. పదహారో రోజున వాడు రిజిస్టరు తనంతట తాను మూసేస్తే ఆ సాఫ్ట్‌వేర్ కొనొచ్చు. ఇంకా రెండిట్లోనూ రాస్తుంటే, ఎందుకు రాస్తున్నావని వాడినే అడగండి. వాడు చెప్పే జవాబు ముందు మన ఫీచర్ల పట్టిక ఎందుకూ పనికిరాదు.